ఏ నేలలో ఏ మొక్క?
(జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మాట్లాడదలచిన విషయము పేరు వినగానే మీలో కొందరికి జంకు కలుగవచ్చును. మొక్కల జాతులకును, అవి పెరుగు పరిస్థితులకును గల సంబంధమును గణాంకశాస్త్ర సహాయమున కంప్యూటరు ద్వారా తేల్చుట ఎట్లన్నది విషయము. "పొలము దున్నుకొను మాకు ఈ గొడవ యెందులకు?" అని మీరు అనుకొనవచ్చును. ఎందులకో చెప్పుటకు ముందు నా తప్పు నొకదానిని మీ యెదుట ఒప్పుకొందును.

నేను ప్రచార శాఖలో చేరిన క్రొత్తలో, ఈ మెట్టసీమలోనే ఒక గ్రామమున మొక్కలు నాటు ఉత్సవము జరిగినది. ఊరి బంజరులో గుంటలు త్రవ్వించిరి. లారీలో మొక్కలు వచ్చినవి. అవి యే జాతివో, ఎట్టి నేలలో పెరుగునో మాలో నెవ్వరును అడుగలేదు. వేదికపై నిలిచి వృక్షముల మహిమను గూర్చి నేను అరగంట సేపు ఉపన్యసించితిని. చప్పట్లు మ్రోగినవి. ఛాయాచిత్రములు తీసికొంటిమి. రెండేండ్ల తరువాత వేరొక పనిమీద ఆ దారిని పోవుచు ఆగి చూచితిని. గుంటలున్నవి, మొక్కలు లేవు. వరుస తీర్చిన ఎండుపుల్లలు మాత్రము మిగిలినవి. అక్కడ గొఱ్ఱెలు మేపుకొనుచున్న ఒక వృద్ధుని కారణమడిగితిని. అతడు చేతికఱ్ఱతో నేలను పొడిచి చూపి, "ఇక్కడ జానెడు తవ్వితే సున్నపురాయి తగులుద్ది బాబుగారూ. తంగేడు, బలుసు తప్ప ఇంకేం లేవదు. ఆ వాగు వారన పెట్టినట్టయితే బతికేయి. మమ్మల్ని అడిగినోళ్లెవరు?" అనెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. నేటి నా ప్రసంగము, ఆలస్యముగానైనను, ఆ వృద్ధునికి చెప్పుకొను సమాధానమని భావింపుడు.

నాటిన మొక్క చచ్చినచో పోవునది మొక్క యొక్కటియే కాదు. గుంట త్రవ్విన కూలి పోవును. నీరు పోసిన ఖర్చు పోవును. రెండు మూడేండ్ల కాలము పోవును. కంచె వేసి ఆపినందువలన ఆ బంజరుపై గొఱ్ఱెలను, మేకలను మేపుకొను పేదవాని మేత పోవును. తిరిగి మొక్కలు నాటుదమన్నచో "మొన్నటివి ఏమైనవి?" అని ఊరివారు నవ్వుదురు. పంచాయతీపై ప్రజలకు గల నమ్మకము కూడ ఆ గుంటలలోనే పూడిపోవును. కావున ఏ నేలలో ఏ మొక్క పెరుగునన్న ప్రశ్న పండితుల ప్రశ్న కాదు, పంచాయతీ ప్రశ్న.

ఈ విషయమున మన పెద్దలకు తెలివి లేకపోలేదు. క్రీస్తు శకము 6వ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూగర్భ జలమును కనుగొను విధమునకు ఒక అధ్యాయమునే కేటాయించి, చెట్లను, పుట్టలను నీటికి గుర్తులుగా చెప్పెను. మీ ఊళ్లలోనే చూడుడు. తుంగ మొలచినచోట తేమ నిలుచునని పొలము దున్ను ప్రతివాడును ఎఱుగును. చెరువు శిఖములో, నల్లరేగడిలో నల్లతుమ్మ పెరుగును; కొన్నాళ్లు నీట మునిగినను అది తట్టుకొనును. ఏటి గట్టున తెల్లమద్ది, కానుగ కనిపించును. ఎఱ్ఱనేల మెరకలలో తంగేడు పూయును. పాలేరు, మున్నేరు, వైరా నీరు తుదకు కృష్ణలో చేరు ఈ సీమలో, ఒక్క గ్రామపు పొలిమేరలోనే రేగడి, ఎఱ్ఱచెలక, సున్నపురాతి బోడు, వాగు ఒండ్రు అన్నియు ఉండుట కలదు. జగ్గయ్యపేట చుట్టును సిమెంటు కర్మాగారములు వెలసినది ఆ సున్నపురాతి వలననే కదా! ఒక పొలిమేరలో నాలుగు విధముల నేల యున్నప్పుడు, ఊరంతటికిని ఒకే జాతి మొక్కను లారీలో దింపుట ఎంత అవివేకమో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే తెలిసినంత మాత్రమున చాలునా? చాలదు. అందుకు మూడు కారణములు గలవు. మొదటిది, ఆ తెలివి ఒకని నోటిలో నుండును. అతడు గతించినచో అదియు గతించును. రెండవది, ఇద్దరు పెద్దలు రెండు విధములుగా చెప్పుదురు. ఎవరి మాట నిలుచునో తేల్చుటకు త్రాసు లేదు. మూడవది ముఖ్యమైనది. ఒక చోట తేమ యుండును, లోతైన మన్ను ఉండును, పశువుల రాకపోకలు తక్కువగా ఉండును. అక్కడ ఒక చెట్టు బాగుగా పెరిగినది. అది తేమ వలననా, మన్ను లోతు వలననా, పశువులు తినకపోవుట వలననా? కంటితో చూచి విడదీయుట కష్టము. అనేక కారణములు, అనేక జాతులు ఒకేసారి పెనవేసికొని యున్నప్పుడు ఆ చిక్కును విప్పుటకే గణాంకశాస్త్రము పుట్టినది.

ఈ సందర్భమున నందిగామవారు గర్వింపదగిన సంగతి యొకటి మనవి చేసెదను. ప్రపంచ ప్రసిద్ధులైన గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న, నాటి బళ్లారి జిల్లాలోని హూవిన హడగలిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. వారి బాల్యపు చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నములలో సాగెను. అనగా ఆ మహామేధావి మీ నందిగామ వీధులలో పలక పట్టుకొని తిరిగిన బాలుడే. పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము, కలకత్తా విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రము అభ్యసించి, ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థలో చేరిరి. 2001లో భారత ప్రభుత్వము వారికి పద్మవిభూషణ బిరుదము నొసగెను. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించెను. ఆ సంవత్సరమే ఆగస్టు 22న, 102 ఏండ్ల ప్రాయమున, అమెరికాలో వారు కన్నుమూసిరి.

1964లో, మహలనోబిస్ గారు నెలకొల్పిన 'సంఖ్య' అను పత్రికలో, రావుగారు ఒక వ్యాసము ప్రకటించిరి. అనేక కొలతలు గల ఒక పట్టికను, మరికొన్ని కొలతలు గల వేరొక పట్టిక సహాయమున వివరించుట ఎట్లో అందులో చూపిరి. అది మొక్కల కొరకే వ్రాసిన వ్యాసము కాదు. ఆ మార్గమే తరువాత 'రిడండెన్సీ అనాలిసిస్' అను పేరుతో ప్రసిద్ధి కెక్కి, నేడు ప్రపంచమందలి వృక్ష పరిశోధకులకు నిత్యవ్యవహారమైనది. మొక్కల జాబితా ఒక పట్టిక. నేల, నీరు, మేత మొదలగు పరిస్థితుల జాబితా రెండవ పట్టిక. రెండవది మొదటిదానిని ఎంతవరకు వివరింపగలదని అడుగుటయే ఆ పద్ధతి సారాంశము.

అది పనిచేయు విధమును ఒక చిన్న ఉదాహరణముతో చెప్పెదను. ఇది వివరణ కొరకు ఊహించినది, ఏ ఊరి లెక్కయు కాదు. చెరువు అంచు నుండి గుట్ట మీదికి పోవు దారిలో త్రాటితో కొలిచి ఐదు నలుచదరపు స్థలములను గుర్తించితిమనుకొందము. వానిని చదరములందము. ప్రతి చదరమున తేమకు 5 నుండి 1 వరకు మార్కులు వేసితిమి. చెరువు అంచున 5, తరువాత 4, 3, 2, గుట్టపై 1. అదే వరుసలో తుంగ పిలకలు 40, 25, 8, 0, 0 కనిపించినవి. తంగేడు మొక్కలు 0, 0, 2, 7, 11 కనిపించినవి.

మొదటి మెట్టున కంప్యూటరు ప్రతి జాతిని పరిస్థితితో పోల్చి చూచును. పై లెక్క ప్రకారము తేమ ఒక మార్కు పెరిగినకొలది తుంగ సగటున పదిన్నర వంతున హెచ్చుచున్నది. తంగేడు సుమారు మూడు వంతున తగ్గుచున్నది. రెండవ మెట్టున అన్ని జాతుల హెచ్చుతగ్గులను కలిపి, వానిలో ప్రధానమైన దిశ యేదో కనిపెట్టును. ఒక్క తేమ, రెండు జాతులైనచో ఈ పని వ్రేళ్లపై చేయవచ్చును. కాని యాబది జాతులు, ఎనిమిది పరిస్థితులు, ముప్పది చదరములు ఉన్నప్పుడు మనుష్యుని చేతగాదు. కంప్యూటరు నిమిషములో చేయును.

తుదకు అది ఒక పటమును గీసి యిచ్చును. ఆ పటములో ప్రతి చదరము ఒక చుక్క. ఒకే విధమైన మొక్కలున్న చదరములు దగ్గరగా, భిన్నమైనవి దూరముగా కనిపించును. జాతుల పేర్లు వానివాని స్థానములలో నుండును. తేమ, మన్ను లోతు, మేత మొదలగు పరిస్థితులు బాణములై కనిపించును. బాణము పొడవుగా నున్నచో ఆ పరిస్థితికి ఈ పటములో కనిపించు మార్పుతో గట్టి సంబంధము కలదన్నమాట. ఏ జాతి ఏ బాణము వైపు ఉన్నదో చూచినచో, ఏది తేమనాశించునో, ఏది రాతినేలకు ఓర్చునో ఒక్క చూపున తెలియును. రచ్చబండ మీద గోడకు తగిలించి ఊరివారందరికిని చూపదగిన పటమది.

ఇట్టి లెక్కలు చేయు సాధనములు పెక్కు గలవు. నెదర్లాండ్సు దేశీయుడు కాయో టెర్ బ్రాక్ 1986లో ఇట్టి వేరొక పద్ధతిని ప్రకటించెను. ఆయన రూపొందించిన 'కానొకో' అను సాధనము వృక్షశాస్త్రజ్ఞులలో విస్తారముగా వాడుకకు వచ్చెను. న్యూజీలాండులోని ఆక్లాండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను ఇరువురు ఆచార్యులు 1990 దశకములో 'ఆర్' అను గణాంక భాషను ప్రారంభించిరి. అది ఉచితము. ఎవరైనను కంప్యూటరులో నింపుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఫిన్లాండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు యారి ఒక్సానెన్, ఆయన సహచరులు ఆ భాషలో 'వీగన్' అను సాధన సంపుటిని తయారుచేసిరి. ఆ పేరునకు ఆహార నియమముతో సంబంధము లేదు. వెజిటేషన్, అనాలిసిస్ అను రెండు మాటల మొదళ్లను కూర్చి పెట్టిన పేరది. మన రావుగారి పద్ధతి అందులో నొక ఆజ్ఞ. కొనుటకు రూపాయి కూడ అక్కరలేదు. సమీప కళాశాలలో వృక్షశాస్త్రము గాని, గణాంకశాస్త్రము గాని బోధించు అధ్యాపకుని సహాయము చాలును.

ఆ వీగన్ సంపుటిలోనే అభ్యాసము కొరకు ఒక నిజమైన లెక్కను చేర్చియుంచిరి. అది నెదర్లాండ్సులో టెర్షెల్లింగ్ అను ద్వీపమందలి పచ్చిక బయళ్ల లెక్క. 20 చదరములు, 30 జాతుల మొక్కలు. పరిస్థితులు ఐదు: నేల పైపొర మందము, తేమ, భూమిని చూచుకొను పద్ధతి, గడ్డి కోయుటకా పశువులను మేపుటకా అను వాడుక, వేసిన ఎరువు. గమనింపుడు. అది ఏ మహారణ్యపు లెక్కయో కాదు. పశువుల మేత భూముల లెక్క. మీ పంచాయతీ బంజరు వంటిదే. పశువులను మేపినదియు, ఎరువు వేసినదియు వ్రాసియుంచినందువలననే ఆ లెక్క నేటికిని ప్రపంచమందలి విద్యార్థులకు పాఠమైనది. ఇరువది చదరములతో వారు చేసినది మనము చేయలేమా?

ఇక్కడ మీరొక ప్రశ్న వేయవచ్చును. "ఈ సంబంధము నిజమైనదా, కాకతాళీయమా అని తెలియుటెట్లు?" మంచి ప్రశ్న. అందుకు కంప్యూటరు ఒక ఉపాయము చేయును. పరిస్థితుల పట్టికలోని వరుసలను లాటరీ చీట్లు కలిపినట్లు కలిపివేయును. చెరువు తేమను గుట్టకు, గుట్ట తేమను వాగుకు అంటగట్టి మరల లెక్క వేయును. ఇట్లు 999 సార్లు చేయును. కలగాపులగము చేసిన లెక్కలలో ఒక్కటియు అసలు లెక్కయంత గట్టిగా రాకపోయినచో, మన సంబంధము వట్టి యాదృచ్ఛికమగుటకు అవకాశము అత్యల్పమని నమ్మవచ్చును. కలిపిన లెక్కలలో చాలభాగము దానితో సమానముగా వచ్చినచో, మన మాటలో బలము లేదన్నమాట. నేను పైన చెప్పిన ఐదు చదరములను మార్చి పేర్చు విధములు మొత్తము 120 మాత్రమే. కాబట్టి ఐదు చదరములతో ఎంత చక్కగా కుదిరినను గట్టి తీర్పు చెప్పలేము. ఇరువదికి తగ్గకుండ, వీలైనచో ముప్పది చదరములు వేయుడనుటకు ఇదియే కారణము.

కంప్యూటరు చెప్పినదెల్ల వేదవాక్యమని నేను చెప్పబోవుట లేదు. ప్రచారకుడనైనను దాని లోపములను దాచను.

మొదటిది: రెండు పరిస్థితులు ఎల్లప్పుడును కలిసి నడచినచో కంప్యూటరు వానిని విడదీయలేదు. లోతైన మన్ను ఉన్నచోటనే తేమ కూడ ఉన్నచో, దేని ప్రభావమో చెప్పజాలదు. అందువలన లోతు మన్నులో తేమ తక్కువగా నున్నచోటులను కూడ వెదకి చదరములు వేయవలెను.

రెండవది: గరిక వేలకొలది మొలచును, చెట్టు ఒక్కటియే నిలుచును. సంఖ్యలను ఉన్నవున్నట్లే పోల్చినచో గరిక మాటయే చెల్లును. ఈ అసమానతను సవరించు పద్ధతులు ఆ సాధనములో గలవు. లెక్క చేయు అధ్యాపకునికి ఈ సంగతి గుర్తుచేయుడు.

మూడవది, అన్నింటికన్న ముఖ్యమైనది: మొక్క లేకపోవుటకు కారణము నేలయే కానక్కరలేదు, మనిషి కావచ్చును. మీకు పొరుగుననే యున్న కొండపల్లి బొమ్మలు లోకప్రసిద్ధములు. ఆ బొమ్మలకు వాడునది తెల్లపొణికి కఱ్ఱ. ఎండుగాలికి ఓర్చు రాతి కొండ యడవులలో పెరుగు చెట్టది. కఱ్ఱ మిక్కిలి తేలిక. ఆ కఱ్ఱ కరవగుచున్నదని బొమ్మల పనివారు చెప్పుచున్నారు. ఇప్పుడొక గుట్టపై చదరములు వేసి లెక్కించినచో పొణికి '0' అని రావచ్చును. కంప్యూటరు ఆ సున్నను చూచి, "ఈ రాతినేల పొణికికి తగదు" అని చెప్పినచో అది శుద్ధ అబద్ధమగును. పూర్వము అక్కడ పొణికి యుండి నరకివేయబడినదని చెప్పగలవాడు ఊరి వృద్ధుడు. కాబట్టి పరిస్థితుల పట్టికలో తేమ, లోతు, వాలులతో పాటు నరకుడు, మేత, నిప్పు అను మూడు గడులు కూడ తప్పక ఉండవలెను. ముప్పది యేండ్ల క్రిందట ఇక్కడ ఏముండెనని పెద్దలనడిగి వ్రాయవలెను. ఆ గొఱ్ఱెలకాపరి మాటకు పట్టికలో ఒక గడి యున్నప్పుడే ఆ పట్టికకు విలువ.

నాల్గవది: ఏది పెరుగుచున్నదో లెక్క చెప్పును గాని, ఏది పెరుగవలెనో చెప్పదు. సర్కారు తుమ్మను చూడుడు. అమెరికా ఖండముల నుండి 19వ శతాబ్దపు చివరి భాగమున మన దేశమునకు తెచ్చిన చెట్టది. నేడు బంజరులలో, చెరువు గట్లలో, కాలువ వెంబడి దట్టముగా అల్లుకొన్నది. పట్టికలో దానికి పెద్ద అంకె వచ్చినంత మాత్రమున అదియే ఆ నేలకు శ్రేష్ఠమని కాదు. దానిని ఉంచవలెనా, తీయవలెనా, తీసినచో దాని బొగ్గుపై, వంటచెఱకుపై బ్రదుకు కుటుంబముల గతి యేమి? ఈ ప్రశ్నలకు కంప్యూటరు సమాధానము చెప్పదు. గ్రామసభ చెప్పవలెను. లెక్క పంచాయతీకి కన్ను వంటిది. నడువవలసినది మాత్రము పంచాయతీ కాళ్లతోనే.

ఇక మీరు చేయవలసిన పనిని గూర్చి నాలుగు మాటలు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు తన పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేసికొనవలెను. స్థానికులను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయుట ఆ కమిటీ ముఖ్య విధులలో నొకటి. రిజిస్టరు అనగా చాలమంది ఊరిలోని మొక్కల పేర్ల జాబితాయని భావింతురు. వేప, తుమ్మ, తంగేడు, మోదుగ అని పేర్లు వ్రాసి సంతకములు చేసి బీరువాలో పెట్టుదురు. అది తప్పు కాదు గాని, సగము పని మాత్రమే. ఏ మొక్క, ఏ చోట, ఎన్ని, అక్కడి నేల యెట్టిది అని కలిపి వ్రాసినప్పుడే అది ఉపయోగపడు రిజిస్టరగును. రోగి పేరు వ్రాసి రోగమును వ్రాయని ఆసుపత్రి పుస్తకము ఎందులకు కొఱగాదో, మొక్క పేరు వ్రాసి నేలను వ్రాయని రిజిస్టరును అంతియే.

పని కష్టము కాదు. ఊరి పొలిమేరలో భిన్నమైన చోటులను ఎంచుకొనుడు. చెరువు శిఖము, వాగు వార, రేగడి గట్టు, ఎఱ్ఱచెలక, సున్నపురాతి బోడు, గుట్ట వాలు, ఇట్లు ప్రతి రకమునకు నాలుగైదు చదరములు వేయుడు. మంచిచోటులను మాత్రమే ఏరుకొనవలదు. ఏమియు మొలవని చోటును కూడ లెక్కలో చేర్చుడు. ఆ శూన్యము కూడ సాక్ష్యమే. చెట్లకు నలుదిక్కుల 10 మీటర్లు, పొదలకు 5 మీటర్లు, గడ్డికి 1 మీటరు కొలతగా త్రాడు పట్టినచో చాలును. వానలు కురిసి గడ్డి లేచిన తరువాత ఒకసారి, వేసవిలో ఒకసారి లెక్కించుడు. ఒకే చదరమున, ఒకేనాడు, మొక్కల లెక్కయు నేల లెక్కయు వ్రాయవలెను. మొక్కలను ఒకచోట, మన్నును వేరొకచోట చూచినచో రెండు పట్టికలకు పెండ్లి కుదురదు.

మన్ను లోతును గునపముతో పొడిచి కొలువవచ్చును. మన్ను రంగును, రాయి పాళ్లను కంటితో చూచి వ్రాయవచ్చును. ఆమ్ల క్షార గుణము, లవణములు, సేంద్రియ కర్బనము తెలిసికొనుటకు మట్టి నమూనాను భూసార పరీక్షా కేంద్రమునకు పంపవలెను. 2015లో దేశమంతట ప్రారంభమైన భూసార పత్రముల పథకము వలన మట్టి పరీక్ష మన రైతులకు క్రొత్త కాదు. పొలమునకు చేయించునట్లే బంజరునకును చేయింపవలెను. ఉన్నత పాఠశాల విద్యార్థులు త్రాడు పట్టుదురు. గొఱ్ఱెలకాపరులు, మందుమొక్కలు తెలిసిన స్త్రీలు పేర్లు చెప్పుదురు. ఉపాధ్యాయుడు వ్రాయును. ఊరి పేరును, శాస్త్రనామమును ప్రక్కప్రక్కనే వ్రాయించుడు. ఏలయన ఒకే మొక్కకు నందిగామలో నొక పేరు, వేరొకచోట వేరొక పేరు ఉండుట కలదు.

మరియొక మాట. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. ఆ ఎడమ కాలువ నీరు ఈ మెట్టసీమకు అందిన పిమ్మట ఊరి వృక్షసంపద ఎట్లు మారినదో చెప్పు పట్టికను ఆనాడు పంచాయతీలు వ్రాసియుంచినచో నేడు మనకెంత ఉపయోగకరముగా నుండెడిది! కాలువ క్రింద ఊటనీరు చేరి తుంగ లేచిన చోటులెన్ని? మెరక చెట్లు తరలిపోయినవెన్ని? పెద్దల జ్ఞాపకము తప్ప మనకు ఆధారము లేదు. 2022 ఏప్రిల్ 4 నుండి జగ్గయ్యపేట, నందిగామలు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను నేల మారలేదు. కాని నేలమీది మొక్కలు మాత్రము ఏటేట మారుచునే యున్నవి. నేడు మనము వ్రాయు పట్టిక, ముప్పది యేండ్ల తరువాత రాబోవు సభ్యులకు "అప్పుడు ఇట్లుండెను" అని చెప్పు ఏకైక సాక్షి కావచ్చును.

సోదరులారా, సోదరీమణులారా! నందిగామ బడిలో చదివిన ఒక బాలుడు చూపిన లెక్క ప్రపంచమంతట పచ్చిక బయళ్లకు, అడవులకు ఉపయోగపడుచున్నది. అది నందిగామ బంజరునకు మాత్రము ఇంకను రాకపోవుట మనకు తగునా? ఆ లెక్కకు కావలసినది పెద్ద యంత్రము కాదు, పెద్ద ధనము కాదు. ఒక త్రాడు, ఒక గునపము, ఒక పుస్తకము, నిజము వ్రాయు చేయి, ఊరి పెద్దలను అడుగు వినయము కావలెను.

ఇకపై మీ ఊరికి మొక్కల లారీ వచ్చినప్పుడు, ఎవరైనను నావంటివాడు వేదిక యెక్కి వృక్షముల మహిమను గూర్చి ఉపన్యసింపబోవునప్పుడు, మీరు లేచి ఒక్క ప్రశ్న అడుగుడు: "ఈ జాతి మా పట్టికలో ఏ చదరమున ఉన్నది?" ఆ ప్రశ్నకు సమాధానము దొరికిన తరువాతనే గుంట త్రవ్వుడు. అప్పుడు "మమ్మల్ని అడిగినోళ్లెవరు?" అని ఏ గొఱ్ఱెలకాపరియు మనలను నిలదీయవలసిన అవసరము రాదు.